డీకన్ తల ఆడిస్తున్నంత కాలం

వామనుడికి మూడడుగులు దానమిచ్చి సర్వం పోగొట్టుకున్న బలి చక్రవర్తికి చివరకు పాతాళం దక్కింది. టెక్సాస్ పడమటి మెట్టల్లో ఆర్చర్ క్రెన్‌షా అనే పశువుల ఆసామికీ అదే జరిగింది. తేడా అల్లా, ఆయన గుమ్మంలోకి వచ్చిన వామనుడు బ్యాంకు మేనేజరు. కరువుకాలంలో గడ్డి, కంచె, కొట్టం, నీటిగుంట, వాటి మీద వాలే కాకులతో సహా అమ్ముకున్న ఆ మహానుభావుడు దస్తావేజులో ఒక్క వాక్యాన్ని మాత్రం పట్టుకుని వదల్లేదు: నేల మీద ఉన్నది మీది, నేల కింద ఉన్నది మాది. కొన్నాళ్ళకు నేల కింద చమురు పడింది. ఆయన ఆ ఖనిజ హక్కులను కుటుంబ ట్రస్టుగా కట్టి, బావిని లీజుకిచ్చి, సంతానానికి రాయల్టీ మిగిల్చి, తిరిగిరాని లీజు మీద తాను పైలోకానికి వెళ్ళిపోయాడు.

ఆ పాతాళ సామ్రాజ్యానికి ప్రస్తుత ట్రస్టీ ఆయన మనవడు ఎమ్మెట్ క్రెన్‌షా. ఫిబ్రవరి మధ్యాహ్నం, మేనత్త ఒలీటా ఇంటి వరండాలో, ఊగుడు కుర్చీ అనే సింహాసనం మీద, పైకి నిక్షేపంగా కనిపిస్తూ లోపల పురుగు తొలిచిన వేరుశెనగ కాయలా కూర్చుని ఉన్నాడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి, ఎమ్మెట్ గారూ," అంది ఎదురుగా కూర్చున్న వర్నా టీగ్. "ఆర్విల్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

వర్నా మిడ్లాండ్ నుంచి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్. ఏ పాతాళం ఎవరిదో తేల్చడానికి కచేరీల్లో పాత దస్తావేజులు తవ్వే ఉద్యోగంలో సగం జీవితం గడిపి, కాగితాల కంటే మనుషులే ఎక్కువ అబద్ధాలాడతారని కనిపెట్టి, వృత్తి మార్చుకున్న యాభయ్యేళ్ళ మనిషి. మగవాళ్ళ బూట్లు వేసుకుంటుంది. దవడలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ ఉంటుంది.

"ఆదివారం," అన్నాడు ఎమ్మెట్. "చర్చి అయ్యాక. బయట, కార్ల దగ్గర."

"ఏం మాట్లాడుకున్నారు?"

"చలి గురించి."

"అంతసేపూ చలి గురించేనా?"

"ఎంతసేపని ఎవరు చెప్పారు?"

"ఈ ఊళ్ళో ఇద్దరు మగాళ్ళు చర్చి బయట కారెక్కకుండా నిలబడితే అదో వార్త. నాకు ముగ్గురు చెప్పారు. ఒకావిడ మీ టై రంగు కూడా చెప్పింది."

"మేడమ్, మా చలి సంగతి మీకు తెలియంది కాదు. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు."

పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒలీటా నవ్వింది. తొంభై దాటిన మనిషి. శరీరం ఎండి కట్టెపుల్లైనా చెవులు మాత్రం కుందేలు చెవులు. "చిన్నప్పుడు వీడు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడేవి. ఈ కాలంలో చలికి అందరి చెవులూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి బతికిపోయాడు."

"అత్తా!"

"ఏం, లేనిది అన్నానా? ఆ తీపి పై ముక్క తిను. నాడీన్ పంపింది, మిగిలిపోయిందట."

నాడీన్ అంటే చనిపోయిన ఆర్విల్ టకెట్ భార్య. మిగిలిపోయింది అంటే అంత్యక్రియల విందులో. ఎమ్మెట్ ఆ పీకాన్ పై ముక్కను ప్లేటులో అటూ ఇటూ జరిపాడు. ఆర్విల్ శవపేటికను మోసిన ఆరుగురిలో తానొకడు. మోస్తున్నప్పుడు ఎడమ మూల బరువుగా తోచింది. పాపం బరువు భుజం చూసి ఎక్కుతుందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

వరండాలోంచి సూటిగా చూస్తే, అరమైలు అవతల, చదును నేలలో తల పైకెత్తుతూ దించుతూ బావి పంపు కనిపిస్తుంది. పాస్టరు మాటకల్లా తల ఊపే చర్చి పెద్దలా ఉంటుందని దానికి డీకన్ అని పేరు పెట్టింది ఒలీటాయే. డీకన్ తల ఆడిస్తున్నంత కాలం క్రెన్‌షాలకు లోటు లేదన్నది ఆ ఇంటి సువార్త. కాన్పులకు ముందు, ఓట్లకు ముందు, చావులకు తరువాత వాళ్ళంతా ఒకసారి వరండాలోకి వచ్చి డీకన్ వంక చూసి, నిట్టూర్చి, లోపలికి వెళ్ళేవారు.

అందులో అర్థం లేకపోలేదు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, చమురు లీజు ప్రాణం బావిలో ఉంటుంది. బావి చమురు ఇస్తున్నంత కాలం లీజు బతుకుతుంది. బావి చస్తే లీజూ చచ్చి, హక్కులన్నీ తిరిగి కుటుంబానికి చేరతాయి. ఇప్పుడు లోతు రాతిపొరలను పగలగొట్టి చమురు తీసే పెద్ద కంపెనీలు చుట్టుపక్కల నేలల కోసం ఎగబడుతున్నాయి. కనుక ఆ ముసలి బావి బతికుంటే లాభం, లీజు చేతిలో ఉన్న లోవెల్ ప్రూయిట్‌ది. అది చచ్చి ఉంటే అదృష్టం క్రెన్‌షాలది.

అది చచ్చి ఏడాది దాటింది. ఆ సంగతి ఎమ్మెట్‌కు తెలుసు.

చమురు తోడే లోపలి కడ్డీ ఎక్కడో పాతాళంలో తెగిపోయింది. పైన డీకన్ మాత్రం, మతం పోయినా భక్తి పోని మనిషిలా, ఊరికే తల ఆడిస్తున్నాడు. ప్రూయిట్ తన జేబులోంచి నెల నెలా రాయల్టీ చెక్కు పంపుతున్నాడు. ఎమ్మెట్ ఇందులో ఒక్క పైసా లంచం తీసుకోలేదు. తీసుకుని ఉంటే పాపానికి కనీసం ఒక అందమైనా ఉండేది. ఆర్చర్ తాతయ్య రాసిన ట్రస్టులో, లీజు ముగిసిననాడు ట్రస్టూ ముగియాలని ఉంది. ముగిస్తే, మేత దుకాణం దివాలా తీసిన ఎమ్మెట్‌ను, భార్య పోయిన ఎమ్మెట్‌ను, ఎవరూ ఏ విషయంలోనూ సలహా అడగని ఎమ్మెట్‌ను ట్రస్టీ గారూ అని పిలిచేవారు భూగోళం మీద ఎవరూ మిగలరు. ఆ రెండక్షరాల కోసం ఆయన సొంత మేనత్త సామ్రాజ్యాన్ని ఒక చచ్చిన బావికి తాకట్టు పెట్టాడు.

"పోయిన మంగళవారం సంగతి నాకు అర్థమైనంత వరకు చెబుతా," అంది వర్నా. "పొద్దున ఏడింటికి బావిని కనిపెట్టుకునే పంపర్ ఆర్విల్ ఎప్పటిలాగే చమురు కొలవడానికి ట్యాంకు ఎక్కాడు. మూత తీశాడు. లోపలి విషవాయువు పీల్చి పడిపోయాడు. తొమ్మిదింటికి ప్రూయిట్ వచ్చి శవాన్ని చూశాడు. పదింటికల్లా ప్రమాదమని తేల్చేశారు. ఆర్విల్ అజాగ్రత్త వల్లే జరిగింది కాబట్టి నాడీన్‌కి ఏమీ రాదన్నారు. అంతేనా?"

"అంతే," అన్నాడు ఎమ్మెట్.

"ట్యాంకులో చమురు ఉందా?"

"ఉండకేం? డీకన్ అదిగో, ఆడిస్తూనే ఉన్నాడుగా."

"ముప్పయ్యేళ్ళు మూతలు తీసినవాడు గాలి చూసుకోకుండా తీశాడంటే నేను నమ్మను," అంది ఒలీటా. "అందుకే నిన్ను పిలిపించానమ్మాయ్. నూనె సంగతి తరవాత."

వర్నా లేచి టోపీ పెట్టుకుంది. "అయితే చూసొద్దాం పదండి, ట్రస్టీ గారూ."

*

గేటు తాళం వర్నాయే తీసింది. ఆర్విల్ తాళాల గుత్తిని నాడీన్ ఆమెకు ఇచ్చింది. గేటుకు ఒకటి, పంపు స్విచ్చు పెట్టెకు ఒకటి. వాటికి జోడీ తాళాలు లోవెల్ ప్రూయిట్ దగ్గర తప్ప మరెక్కడా లేవు.

లోపల, ట్యాంకు దగ్గర, షెరిఫ్ కచేరీ కారుకు ఆనుకుని డెప్యూటీ డెల్బర్ట్ స్నీడ్ నిలబడి ఉన్నాడు. జిల్లా మొత్తానికి నేరపరిశోధకుడు; ఆయన టోపీ వైశాల్యం చూసి, దాని కింద ఎంతో కొంత ఉండకపోదని ప్రజలు నమ్మేవారు.

"రండి రండి, మిడ్లాండ్ మహాతల్లీ! ఇంత దూరం పెట్రోలు తగలేసుకుని వచ్చారు పాపం. కేసు ఎప్పుడో మూసేశాం. జడ్జి గారు సంతకం కూడా పెట్టేశారు."

"మీ జడ్జి గారు డాక్టరా?"

"కాదు. పెళ్ళిళ్ళు చేస్తారు, చెల్లని చెక్కుల కేసులు చూస్తారు, శవాల మీద సంతకం పెడతారు. మా దగ్గర అదే పద్ధతి."

"మూడూ వెనకాముందూ చూడకుండా చేసేవే. నేను వస్తున్నానని ఎవరు చెప్పారు మీకు?"

"ప్రూయిట్ ఫోన్ చేశాడు. లీజు ఆయనది కదా. పరాయి వాళ్ళు వచ్చి కెలక్కుండా చూడమన్నాడు."

వర్నా దవడలో పిప్పరమెంటు బిళ్ళ ఒక్క క్షణం కదలడం మానింది. ఎమ్మెట్ ఆకాశంలో మేఘాలేమైనా ఉన్నాయేమో అని శ్రద్ధగా చూశాడు. ఒక్కటీ లేదు.

"పరాయివాళ్ళెవరు?" అంది ఆమె. "నేల కింద ఉన్నది వీళ్ళది. కిందికి దారి పైనించే కాబట్టి పైన నడిచే హక్కూ వీళ్ళదే. టెక్సాస్‌లో ఇది పసిపిల్లలకి కూడా ఉగ్గుపాలతో పోస్తారు. మీకు ఆవుపాలు పట్టారా?"

స్నీడ్ మొహం గంటు పెట్టుకుని పక్కకు జరిగాడు.

ట్యాంకుకు దక్షిణంగా, గడ్డకట్టిన బురదలో టైరు జాడలు అచ్చుపోసినట్టు ఉన్నాయి. వర్నా వాటి దగ్గర గొంతుక్కూర్చుంది. "ఆర్విల్ బండి ఆ రోజు ఇక్కడే ఉందా?"

"ఇక్కడే. నేనే కట్టించి లాగించా."

"ఆ పొద్దున గాలి ఎటునుంచి?"

"ఉత్తరం నుంచి. అబ్బో, అదేం గాలి! నా టోపీ కంచె దాకా పోయింది."

"అంటే ట్యాంకు మూత తీస్తే, గ్యాసంతా సరిగ్గా ఈ బండి మీదికే వస్తుంది. ఇంజనులో నిప్పురవ్వ చాలు, జడ్జి గారికి సంతకం పెట్టడానికి శవం కూడా మిగలదు. పంపర్ అనేవాడు ముందు గాలి చూస్తాడు, తరవాత బండి ఆపుతాడు. ఇది ఆర్విల్ ఆపిన బండి కాదు."

"ఏదో తొందరలో మరిచిపోయి ఉంటాడు."

"మీరెప్పుడైనా తొందరలో ప్యాంటు వేసుకోవడం మరిచిపోయి డ్యూటీకి వచ్చారా, డెప్యూటీ గారూ?"

"అది వేరే!"

"అదే ఇది."

ఆమె లేచి, డీకన్ నుంచి ట్యాంకు వరకు నేల మీద పడుకుని ఉన్న ఇనుప గొట్టం దగ్గరకు నడిచింది. బావి చమురు పైకి తెచ్చే వేడి వల్ల పంపు నడిచినంతకాలం ఈ గొట్టాలు గోరువెచ్చగా ఉంటాయి. "ఎమ్మెట్ గారూ, నా చేతులు కొయ్యబారిపోయాయి. గొట్టం వెచ్చగా ఉందేమో కాస్త పట్టుకుని చూడండి."

ఎమ్మెట్ జేబులోంచి గ్లౌజులు తీసి తొడుక్కుని, వంగి, గొట్టం మీద చెయ్యి వేశాడు. "వెచ్చగానే ఉంది."

అన్న తరువాత, ఆ గ్లౌజులు ఎవరివో గుర్తొచ్చింది. శ్మశానంలో నాడీన్ వాటిని ఆయన చేతిలో పెట్టి, ఆర్విల్‌వండీ, ఆయనకి మీరంటే చాలా ఇష్టం, చలికి బాగుంటాయి ఉంచుకోండి, అంది. కాదనడానికి ఒక కారణం కావాలి; ఉన్న ఒక్క కారణమూ చెప్పుకునేది కాదు.

వర్నా ఆ గ్లౌజుల వంక ఒకసారి చూసింది. ఇనుప మెట్లెక్కి ట్యాంకు మీదికి వెళ్ళింది. వెనకాలే స్నీడ్, నడుముకు తగిలించుకున్న గ్యాసు పసిగట్టే పసుపుపచ్చ డబ్బాను తడుముకుంటూ. "మూత తియ్యగానే ఇది కూస్తుంది చూడండి. అప్పుడు మిడ్లాండ్‌కి దారి నేనే చూపిస్తా."

గాలికి వీపు పెట్టి, మొహం పక్కకు తిప్పి, వర్నా మూత ఎత్తింది. డబ్బా కూయలేదు. స్నీడ్ దాన్ని అరచేత్తో తట్టాడు, అయినా కూయలేదు. దాని మర్యాద అది కాపాడుకుంది.

"టార్చి వేసి చూడండి. ఆ గొట్టం చివర చూడండి, చమురు ట్యాంకులోకి పడేచోట."

స్నీడ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "మట్టి."

"ఏం మట్టి?"

"కుమ్మరి పురుగు గూళ్ళు. మా గరాజు నిండా ఇవే."

గొట్టం మూతిని కుమ్మరి పురుగులు మట్టితో మెత్తి పూర్తిగా పూడ్చేశాయి. గూళ్ళ నిండా చిన్న చిన్న గుండ్రటి కన్నాలు. లోపలి పిల్లలు రెక్కలు వచ్చి, తొలుచుకుని, ఎగిరిపోయిన దారులు. కిందికి టార్చి వేస్తే ట్యాంకు అడుగు ఎండిన చెరువులా బీటలు వారి ఉంది.

"కుమ్మరి పురుగులు గూళ్ళు ఎప్పుడు కడతాయి, డెప్యూటీ గారూ?"

"ఎండాకాలం."

"ఇప్పుడు ఏ కాలం?"

స్నీడ్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఆయన టోపీ కింద ఏదో అరుదైన ప్రక్రియ మొదలైంది.

"పోయిన ఎండాకాలంలో కట్టాయి. పిల్లలు పెరిగి ఎగిరిపోయాయి. ఆ తరవాత ఈ గొట్టంలోంచి ఒక్క చుక్క జారినా ఈ మట్టి నిలిచేది కాదు. ఇప్పుడు వినండి. ఈ ట్యాంకు తడిగా ఉంటే గ్యాసు ఉన్నట్టు. గ్యాసు ఉంటే ఆర్విల్‌ది ప్రమాదం, లీజు బతికున్నట్టు. ట్యాంకు ఎండిపోయి ఉంటే లీజు చచ్చినట్టు." ఆమె మూత దించింది. "అలాంటప్పుడు ఆర్విల్ చచ్చిపోలేదు. చంపేశారు. వేరే చోట చంపి, ఇక్కడికి తెచ్చి పడుకోబెట్టి, బండి తెచ్చి పక్కన పెట్టారు. గాలి సంగతి మరిచారు."

తల పగిలింది పడటం వల్లనుకున్నాం, అని స్నీడ్ మెల్లగా అనడం కింద నిలబడిన ఎమ్మెట్‌కు వినిపించింది. వారం రోజులుగా ఆయన ఒక చిన్న దేవాలయం కట్టుకుని అందులో కూర్చున్నాడు: ఎండిపోయినా ట్యాంకులో కొంచెం గ్యాసు ఉండి ఉంటుంది, కొంచెమైనా చాలు కదా మనిషి పోవడానికి. ఆ దేవాలయం ఇప్పుడు కూలింది. మన శాస్త్రాల్లో భ్రమరకీటక న్యాయమని ఒకటుంది: కుమ్మరి పురుగు ఒక కీటకాన్ని తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ రొద చేయగా చేయగా, భయంతో ఆ కీటకం తానే కుమ్మరి పురుగు అయిపోతుందట. ప్రూయిట్ తన చెవిలో ఏడాదిపాటు చేసిన రొదకు తాను ఏమైపోయాడో ఎమ్మెట్‌కు కళ్ళారా కనిపించింది.

వర్నా దిగి వచ్చింది. "మిడ్లాండ్ నుంచి నిపుణులు రావాలి. ఇక్కడ ఫోన్ అందదు."

"మీరు ఇంటికెళ్ళి చెయ్యండి," అన్నాడు స్నీడ్, ఛాతీ వెడల్పు చేసుకుని. "సాక్ష్యం దగ్గర షెరిఫ్ మనిషి ఉండాలి. కనిపెట్టింది మీరైనా కాపలా నాది. రేపు పేపర్లో ఏ పేరు ముందు వస్తుందో చూద్దాం."

"మీదే రానీండి. కానీ ఎవరొచ్చినా ట్యాంకు దిగకండి."

"నాకు చెప్తున్నారా?"

*

ట్రక్కులో వర్నా ఇంజను వెయ్యలేదు. కొత్త పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుంది.

"ఈ చలిలో వెచ్చని గొట్టం దగ్గరికి వచ్చిన ప్రతివాడూ గ్లౌజులు తీసి చేతులు కాచుకుంటాడు. మీరు తొడుక్కున్నారు. మంచు ముద్దలా ఉంటుందని మీకు ముందే తెలుసు."

ఎమ్మెట్ గ్లౌజుల చేతులను టోపీ కింద దాచుకున్నాడు.

"నేను చాలామంది ట్రస్టీలను చూశాను. సొంతవాళ్ళ లాభం కోసం అబద్ధం ఆడినవాళ్ళే అందరూ. సొంతవాళ్ళు నష్టపోయేలా అబద్ధం ఆడేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. ఆదివారం ఆర్విల్ ఏమన్నాడు?"

చిత్రమేమంటే, చెప్పడం మొదలుపెట్టాక ఎమ్మెట్‌కు సులువుగానే ఉంది. "ఇక నా వల్ల కాదన్నాడు. లేని చమురు కొలిచానని రాయలేనన్నాడు. మంగళవారం పొద్దున ట్యాంకు ఫోటోలు తీసుకుని, తిన్నగా అత్త దగ్గరికి వచ్చి చెప్పేస్తానన్నాడు. ముందు మీకు చెప్పడం మర్యాద కదా అని చెప్పానన్నాడు."

"మీరేం చేశారు?"

"లోవెల్‌కి ఫోన్ చేశాను. ఆర్విల్ మంగళవారం పొద్దున ఏడింటికి ట్యాంకు దగ్గర ఉంటాడు, నువ్వెళ్ళి కాస్త మాట్లాడు అన్నాను. మాట్లాడు అనే అన్నాను, మేడమ్. దేవుడి సాక్షిగా అంతే అన్నాను."

"అంతే అన్నారు," అంది వర్నా. ఆ గొంతులో కోపం లేకపోవడమే ఎమ్మెట్‌కు భరించరానిదైంది. "మిస్ ఒలీటాకి నేను చెప్పను. మీరే చెప్పాలి."

*

వర్నా లోపలికి వెళ్ళి మిడ్లాండ్‌కు ఫోన్ చేసి వచ్చే వరకు ఎమ్మెట్ వరండా మెట్టు మీద, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సింహాసనం ఖాళీగా ఊగుతోంది. ఆమె గుమ్మంలోకి రాగానే, ఇక వాయిదాకు వంక దొరకక, నోరు తెరిచాడు.

"అత్తా, డీకన్ చచ్చిపోయాడు. ఏడాది దాటింది. నాకు తెలుసు."

ఒలీటా దుప్పటి సర్దుకుంది. "నాకూ తెలుసురా."

ఎమ్మెట్ ఒక మెట్టు పైకి ఎక్కాడు.

"ఏం తెలుసు?"

"డెబ్బై ఏళ్ళుగా వింటున్నాను వాడి చప్పుడు. బరువు లాగే గుర్రం రొప్పు వేరు, ఉత్త బండితో నడిచే గుర్రం చప్పుడు వేరు. పోయినేడు ఒకరోజు పొద్దున్నే వాడి రొప్పు ఆగిపోయింది. ఆ రోజు నువ్వొచ్చావు. రాయల్టీ ఎప్పటిలాగే ఉంది అత్తా అన్నావు. చెవులు ఎర్రగా ఉన్నాయి. అది ఎండాకాలం."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ట్రస్టు పోతుంది. డాలస్ నుంచి మీ బాబాయి కొడుకులు దిగుతారు, ముక్కలు చేసుకుపోతారు. మీ ఆవిడ పోయాక, చర్చిలో తప్ప, నీ ఒంటి మీద టై చూసింది ట్రస్టీగా నా దగ్గరికి వచ్చే రోజుల్లోనే. ఆ డబ్బుతో నేనేం చేసుకుంటాను? నువ్వు టై కట్టుకుని వస్తే చాలనుకున్నాను."

ఎమ్మెట్ ఆమె దుప్పటి వంక చూస్తూ అన్నాడు: "అంటే ఆర్విల్... నీకు చెప్పాలని బయలుదేరింది..."

"నాకు తెలిసిన సంగతే. నా దగ్గర ఎవరూ దాచనక్కర్లేదురా. ఒక్క మాట నేను ముందు అనుంటే ఆ పిల్లాడు బతికుండేవాడు. నీది ఎంత పాపమో నాదీ అంతే. అందుకే ఈ అమ్మాయిని పిలిపించాను. మనల్ని మనం పట్టుకోలేం కదా."

అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడిన వర్నా ముందుకు వచ్చింది. "ఎమ్మెట్ గారూ, ఇంకొక్కటి. నేను ట్యాంకు చూడబోతున్నానని పొద్దున ఫోన్‌లో మీ ఇద్దరికే చెప్పాను. అది ప్రూయిట్‌కి ఎలా తెలిసింది?"

ఎమ్మెట్ టోపీ అంచును వేళ్ళతో ఒక చుట్టు తిప్పాడు. అబద్ధానికి చోటు ఇంకా ఉంది. దాని ఆకారం కూడా కనిపిస్తోంది.

"మధ్యాహ్నం, భోజనానికి ముందు," అన్నాడు. "నేనే ఫోన్ చేశాను. ట్యాంకు చూస్తారట, నువ్వే ఏదో ఒకటి చూసుకో అన్నాను."

"మళ్ళీ," అంది వర్నా.

"మళ్ళీ," అన్నాడు ఎమ్మెట్.

ఒలీటా చెయ్యెత్తింది. "ఉష్! వినండి."

వినడానికి ఏమీ లేదు. ముగ్గురూ ఒకేసారి అటు చూశారు. అరమైలు అవతల డీకన్ సగం వంగి, తల పైకి ఎత్తకుండా, దించకుండా, నడి ప్రార్థనలో ఆగిపోయాడు.

"స్విచ్చు పెట్టె తాళం నా జేబులో ఉంది," అంది వర్నా. "రెండోది ప్రూయిట్ దగ్గర ఉంది."

"ఆ మంగళవారం పొద్దున కూడా ఇలాగే ఆగాడు," అంది ఒలీటా. "కాసేపే. మళ్ళీ ఆడించాడు. ఆర్విల్ ఏదో బాగు చేస్తున్నాడనుకుని నేను కాఫీ పెట్టుకున్నాను."

వర్నా జేబులోంచి ట్రక్కు తాళాలు తీసింది. "పంపు ఆగితే ట్యాంకు మీద ఉన్నవాడు ఏం చేస్తాడు? ఏమైందో చూడటానికి దిగి వెళ్తాడు. పంపు వెనకాల ఎవరుంటారో చూసుకోడు. ఆర్విల్‌ని అలా దింపి, శవాన్ని అతని బండిలోనే ట్యాంకు దగ్గరికి తెచ్చాడు. ఇప్పుడు..."

దూరంగా, ట్యాంకు మెట్ల మీద, చాలా పెద్ద టోపీ ఒకటి తాపీగా కిందికి దిగుతోంది.

వర్నా అప్పటికే ట్రక్కు వైపు పరుగెత్తుతూ, "మీరిక్కడే ఉండండి! ఇంటి తలుపులు వేసుకోండి!" అని అరిచింది.

ఏడాదిగా అందరికీ, అన్నిటికీ నిలువుగా ఆడిన ఎమ్మెట్ తల మొదటిసారి అడ్డంగా ఆడింది. ఆర్విల్ గ్లౌజులు తీసి మెట్టు మీద పెట్టి, వట్టి చేతులతో ట్రక్కు తలుపు పట్టుకుని ఎక్కాడు. కాలు ఇంకా లోపల పెట్టకముందే గాలిలో తేలి వచ్చింది చప్పుడు. ఒక్కటే. కారు వెనక పొగగొట్టం పేలినట్టుంది. కాని అక్కడ ఏ కారూ కదలడం లేదు, టోపీ కూడా కనబడటం లేదు.